1917 ఏజెన్సీ వడ్డీ, భూ బదలాయింపు చట్టం: వందేళ్లు దాటినా నిలిచిన ప్రభావం

1. లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• 1917 చట్టం ఏ పరిస్థితుల్లో వచ్చిందో వివరించగలుగుతారు.
• అందులోని రెండు ప్రధాన అంశాలను, అంటే వడ్డీపై పరిమితిని, భూ బదలాయింపుపై నిషేధాన్ని, ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• ఆ చట్టం ఆశించిన ఫలితం ఇవ్వకపోవడానికి కారణాలు విశ్లేషించగలుగుతారు.
• 1959 రెగ్యులేషన్, 1970 సవరణ, 1997 సమత తీర్పు ఆ చట్టం నుంచి ఎలా వచ్చాయో గుర్తించగలుగుతారు.

2. ఉపోద్ఘాతం

పాడేరు, అరకు, రంపచోడవరం, భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు ప్రాంతాల్లో "ఒకటి బై డెబ్బై" అనే మాట తెలియనివారు ఉండరు. ఇల్లు కట్టుకోవాలన్నా, దుకాణం పెట్టాలన్నా, పొలం కౌలుకు ఇవ్వాలన్నా ఆ మాట వస్తుంది. కొందరికి అది తమ భూమిని కాపాడే గోడ. మరికొందరికి తరతరాలుగా ఉంటున్న ఊళ్లోనే తమను పరాయివారిగా నిలబెట్టే గోడ. సంపర్క తరగతుల్లో ఈ అంశం వచ్చిన ప్రతిసారీ విద్యార్థులు రెండు వర్గాలుగా విడిపోవడం నేను చాలాసార్లు చూశాను. వాదన వేడెక్కుతుంది. అయితే "ఈ నిషేధం ఎప్పుడు మొదలైంది?" అని అడిగితే ఎక్కువమంది చెప్పే సమాధానం "1970" అనే.

ఆ సమాధానం పూర్తిగా సరైనది కాదు. మన్యంలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదన్న సూత్రం మొదట చట్టరూపం దాల్చింది 1917లో, మద్రాసు ప్రెసిడెన్సీలో. దాని పూర్తి పేరు ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూ బదలాయింపు చట్టం. అది ఆ సంవత్సరపు మద్రాసు ఒకటో నంబరు చట్టం. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల ఏజెన్సీ ప్రాంతాలకు వర్తించేలా దాన్ని చేశారు. నేటి భద్రాచలం ప్రాంతం ఆనాడు గోదావరి జిల్లాలోనే ఉండేది కాబట్టి, తెలంగాణలోని ఒక భాగానికి కూడా ఈ చట్టంతో నేరుగా సంబంధం ఉంది.

ఒక చట్టాన్ని చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అది ఎవరిని ఎవరి నుంచి కాపాడదలచింది? అందుకు ఏ సాధనం ఎంచుకుంది? ఎవరిని చూడకుండా వదిలేసింది? ఈ పాఠం మొత్తంలో ఈ మూడు ప్రశ్నలను దగ్గర పెట్టుకోండి.

3. చట్టానికి ముందు మన్యం

3.1 ప్రత్యేక పాలన: మన్యాన్ని మైదానంతో కలిపి పాలించడం సాధ్యం కాదని ఈస్టిండియా కంపెనీ చాలా ముందే గ్రహించింది. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాల్లో వరుసగా తిరుగుబాట్లు జరిగిన తరువాత 1839లో ఒక చట్టం చేసి, ఆ ప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించింది. జిల్లా కలెక్టరుకే "గవర్నరు ఏజెంటు" హోదా ఇచ్చి సివిల్, క్రిమినల్, రెవెన్యూ అధికారాలన్నీ అప్పగించింది. "ఏజెంటు పాలించే ప్రాంతం" కాబట్టి "ఏజెన్సీ" అయింది. ఈనాడు మనం మన్యానికి మారుపేరుగా వాడే మాటకు మూలం అదే. 1874 నాటి షెడ్యూల్డు జిల్లాల చట్టం ఈ ప్రత్యేక ఏర్పాటును మరింత స్థిరపరిచింది.

3.2 సావుకారు రాక: పాలన ప్రత్యేకమైనా వ్యాపారానికి సరిహద్దు లేదు. బాటలు పడినకొద్దీ మైదానం నుంచి వర్తకులు కొండెక్కారు. ఉప్పు, బట్ట, పొగాకు అప్పుగా ఇచ్చేవారు. ప్రతిగా పంట చేతికొచ్చాక ధాన్యం, చింతపండు, ఇతర అటవీ ఫలసాయం తీసుకునేవారు. కొలత సావుకారుది, లెక్క సావుకారుది, కాగితం సావుకారుది. అప్పు తీసుకున్నవాడు చేసేది వేలిముద్ర వేయడమే. అప్పు తీరకపోతే మొదట పంట, తరువాత పశువులు, చివరికి భూమి పోయేవి. భూమి కూడా లేనివాడు తన శ్రమనే తాకట్టు పెట్టేవాడు. విశాఖ మన్యంలో దీన్ని గొత్తి అనేవారు. అప్పు తీరేదాకా, ఒక్కోసారి తండ్రి తరువాత కొడుకు కూడా, సావుకారు ఇంట పనిచేయవలసి వచ్చేది.

3.3 1879 రంప తిరుగుబాటు: గోదావరి మన్యంలో రంప ముఠాదారులు, రైతులు 1879లో తిరగబడ్డారు. మన్సబుదారు వసూళ్లు, కల్లుపై వేసిన చిగురు పన్ను, పోలీసుల వేధింపులు ఇందుకు ముఖ్య కారణాలు. వీటితోపాటు మరో ఫిర్యాదు కూడా ఉంది. మైదానపు వర్తకులు తమకు అర్థంకాని ఒప్పందాల ఆధారంగా కోర్టు డిక్రీలు తెచ్చుకుని ఆస్తులు పట్టుకుపోతున్నారని కొండవారు చెప్పుకున్నారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. దోపిడీ జరిగింది చట్టాన్ని ఉల్లంఘించి కాదు, చట్టాన్ని ఉపయోగించుకుని. ఒప్పందం అంటే ఇరువురి సమ్మతి అని సివిల్ చట్టం చెబుతుంది. చదవడం రానివాడికి, ఆకలితో ఉన్నవాడికి ఆ సమ్మతి ఎంతవరకు స్వేచ్ఛగా ఇచ్చినది? 1917 చట్టం వెనుక ఉన్న ప్రశ్న ఇదే.

3.4 ఇతర ప్రాంతాల నమూనాలు: రైతు భూమి వడ్డీ వ్యాపారికి పోకుండా అడ్డుకోవాలన్న ఆలోచన మద్రాసుకే పరిమితం కాదు. 1900లో పంజాబు భూ అన్యాక్రాంత చట్టం, 1908లో ఛోటానాగపూరు కౌలుదారీ చట్టం వచ్చాయి. బ్రిటిష్ ప్రభుత్వానికి వీటిపై ఉన్న ఆసక్తి కేవలం దయతో పుట్టినది కాదు. భూమి పోగొట్టుకున్న రైతు తిరగబడతాడన్న భయం కూడా అందులో ఉంది.

4. చట్టంలో ఏముంది?

ఇది చాలా చిన్న చట్టం. పేరులోనే దాని రెండు అంగాలు ఉన్నాయి: వడ్డీ, భూమి.

4.1 వడ్డీపై పరిమితి: కొండజాతి వ్యక్తి చేసిన అప్పు విషయంలో మూడు నియమాలు పెట్టారు.
(అ) ఏడాదికి నూటికి 24 రూపాయలకు మించి వడ్డీ ఇప్పించరాదు.
(ఆ) చక్రవడ్డీ చెల్లదు. వడ్డీకి తోడుగా పొందే ఇతర లాభాలను కూడా అనుమతించరాదు.
(ఇ) మొత్తం వడ్డీ ఎన్నటికీ అసలును మించరాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక రైతు 50 రూపాయలు అప్పు తీసుకున్నాడనుకోండి. ఏడాదికి 24 శాతం సాధారణ వడ్డీ ప్రకారం 12 రూపాయలు అవుతుంది. నాలుగేళ్లకు 48 రూపాయలు. ఆ తరువాత రెండు నెలలకు వడ్డీ 50 రూపాయలు, అంటే అసలుతో సమానం అవుతుంది. అక్కడితో ఆగిపోతుంది. పదేళ్లయినా అతను చెల్లించవలసింది అసలు 50, వడ్డీ 50, మొత్తం 100 రూపాయలే. అదే 24 శాతాన్ని ఏటా చక్రవడ్డీగా లెక్కిస్తే ఐదేళ్లకు బాకీ సుమారు 147 రూపాయలు, పదేళ్లకు సుమారు 430 రూపాయలు అవుతుంది. 50 రూపాయల అప్పుకు పొలం ఎలా పోయేదో ఈ లెక్కే చెబుతుంది.

4.2 భూ బదలాయింపుపై నిషేధం: చట్టంలోని నాలుగో సెక్షను దీనికి ప్రాణం. ఏజెన్సీలోని స్థిరాస్తిని కొండజాతి వ్యక్తి మరొక కొండజాతి వ్యక్తికి తప్ప ఇతరులకు బదిలీ చేస్తే, ఆ బదిలీ పూర్తిగా చెల్లదు. దీనికి ఒకే మినహాయింపు ఉంది. ఏజెంటు గాని, నిర్ణీత అధికారి గాని ముందుగా లిఖితపూర్వక అనుమతి ఇచ్చి ఉండాలి.

"చెల్లదు" అన్న మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోండి. ఇటువంటి అమ్మకాన్ని తరువాత ఎవరో రద్దు చేయనవసరం లేదు. చట్టం దృష్టిలో అది అసలు జరగనే లేదు. కాగితం ఉన్నా, డబ్బు చేతులు మారినా, కొన్నవాడికి హక్కు పుట్టదు. అలాంటి భూమిని అనుభవిస్తున్నవారిని ఖాళీ చేయించి, అసలు యజమానికి గాని అతని వారసులకు గాని తిరిగి అప్పగించే అధికారాన్ని కూడా చట్టం ఏజెంటుకు ఇచ్చింది. అయితే అందుకు సంబంధం ఉన్న వ్యక్తి ఎవరైనా అర్జీ పెట్టుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(1) మన్యానికి "ఏజెన్సీ" అన్న పేరు ఎలా వచ్చింది?
(2) 200 రూపాయల అప్పుపై 1917 చట్టం ప్రకారం గరిష్ఠంగా ఎంత వడ్డీ ఇప్పించవచ్చు? ఆ పరిమితికి చేరడానికి ఎంతకాలం పడుతుంది?

5. చట్టం ఎందుకు బలంగా పనిచేయలేదు?

కాగితం మీద చూస్తే 1917 చట్టం చాలా కఠినమైనది. అయినా ఆ తరువాత కూడా సావుకార్ల పట్టు సడలలేదు, భూములు పోవడం ఆగలేదు. కారణాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, అర్జీ భారం బాధితుడిదే కావడం. భూమి పోయినవాడే కొండ దిగి అధికారి దగ్గరకు వెళ్లి ఫిర్యాదు చేయాలి. తనకు అలాంటి హక్కు ఉందని అతనికి తెలియదు. తెలిసినా, రేపు ఉప్పు అప్పు ఇవ్వవలసినవాడి మీద ఈరోజు అర్జీ పెట్టగలడా?

రెండోది, రికార్డులు లేకపోవడం. మన్యంలో చాలా భూములకు సర్వే లేదు, పట్టా లేదు. ముఠాదారీ గ్రామాల్లో రైతుకు భూమిపై ఉన్న హక్కు ఆచారం మీద ఆధారపడినదే. తనదని రుజువు చేసుకోలేని భూమిని తన నుంచి లాక్కున్నారని ఎలా రుజువు చేస్తాడు?

మూడోది, అనుమతి అనే కిటికీ. ఏజెంటు అనుమతిస్తే భూమి గిరిజనేతరుడికి చట్టబద్ధంగానే వెళ్లవచ్చు. రక్షణ అంతా ఒక అధికారి వివేకం మీద ఆధారపడింది.

నాలుగోది, అప్పుకు ప్రత్యామ్నాయం లేకపోవడం. వడ్డీకి పరిమితి పెట్టారు, భూమి తనఖాను అడ్డుకున్నారు. కాని విత్తనానికి, పెళ్లికి, జబ్బుకు డబ్బు ఎక్కడ దొరుకుతుందో చట్టం చెప్పలేదు. అవసరం ఉన్నంతకాలం అప్పు ఉంటుంది. కాగితం మీద రాయలేనిది నోటిమాట మీద సాగుతుంది. భూమి మరో గిరిజనుడి పేరున ఉంటుంది, పంట మాత్రం సావుకారు గాదెకు చేరుతుంది. బినామీ అనే జబ్బు ఇక్కడే మొదలైంది.

ఐదోది, అన్నింటికంటే ముఖ్యమైనది. ఈ చట్టం సావుకారును చూసింది గాని ప్రభుత్వాన్ని చూడలేదు. రిజర్వు అడవుల పేరుతో పోడు వ్యవసాయాన్ని అడ్డుకున్నది ప్రభుత్వం. రోడ్డు పనులకు కొండవారిని చాలీచాలని కూలికి బలవంతంగా తోలింది ప్రభుత్వ ఉద్యోగులు. ఈ బాధలకు 1917 చట్టంలో మందు లేదు. చట్టం వచ్చిన ఐదేళ్లకే, 1922 ఆగస్టులో, అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో గూడెం, రంప ప్రాంతాలు తిరగబడి చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడితో పోరాటం మొదలుపెట్టడం యాదృచ్ఛికం కాదు. ఆ పోరాటానికి అడవి ఆంక్షలు, నిర్బంధ చాకిరీ ప్రధాన కారణాలని చరిత్రకారులు గుర్తించారు. సగం సమస్యను పరిష్కరించబోయిన చట్టం మిగతా సగాన్ని ఆపలేకపోయింది.

6. చట్టం నుంచి రాజ్యాంగానికి

బలహీనతలు ఎన్ని ఉన్నా 1917 చట్టం ఒక సూత్రాన్ని స్థాపించింది. మన్యంలో భూమి కేవలం మార్కెట్టు సరుకు కాదు, అది ఒక సమాజపు మనుగడకు ఆధారం, కాబట్టి దాని అమ్మకంపై ప్రత్యేక నియమాలు ఉండవచ్చు. 1935 భారత ప్రభుత్వ చట్టం ఇలాంటి ప్రాంతాలను మినహాయించిన, పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలుగా విభజించింది. మన ఏజెన్సీ రెండో కోవలోకి వచ్చింది. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గంజాం, కోరాపుట్ ఏజెన్సీ భాగాలు అటు వెళ్లాయి. అక్కడ 1956లో వేరే రెగ్యులేషను వచ్చింది.

స్వాతంత్ర్యం తరువాత రాజ్యాంగం 244వ అధికరణం, అయిదో షెడ్యూలు ద్వారా ఈ సూత్రాన్ని స్వీకరించింది. అయిదో షెడ్యూలులోని అయిదో పేరా చదివితే 1917 చట్టపు జాడ స్పష్టంగా కనిపిస్తుంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనుల భూ బదలాయింపును నిషేధించడానికి లేదా పరిమితం చేయడానికి, వడ్డీ వ్యాపారాన్ని నియంత్రించడానికి గవర్నరు రెగ్యులేషన్లు చేయవచ్చునని అది చెబుతుంది. భూమి, వడ్డీ – మళ్లీ అవే రెండు అంగాలు. అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. గిరిజన సలహా మండలిని సంప్రదించాలని, రాష్ట్రపతి ఆమోదం పొందాలని రాజ్యాంగం నిర్దేశించింది. వలస ప్రభుత్వం ఎవరినీ అడగలేదు.

తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాల చరిత్ర వేరు. నిజాం పాలనలో ఆదిలాబాదు గోండులు, కొలాములు భూమి, అడవి హక్కుల కోసం కుమురం భీం నాయకత్వంలో పోరాడారు. 1940లో జోడేఘాట్ వద్ద ఆయన మరణించారు. ఆ తరువాత మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ అధ్యయనం, గిరిజన ప్రాంతాల కోసం హైదరాబాదు రాజ్యంలో చేసిన రెగ్యులేషన్లు వచ్చాయి. రెండు దారులూ వేర్వేరు రక్తపాతాల గుండా నడిచి ఒకే సూత్రానికి చేరాయన్నది గుర్తుంచుకోవలసిన విషయం.

7. 1959 రెగ్యులేషన్, 1970 సవరణ

7.1 1959 రెగ్యులేషన్: ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూ బదలాయింపు రెగ్యులేషను 1959 మార్చి 4న అమల్లోకి వచ్చి, ఆంధ్ర ప్రాంతంలో 1917 చట్టం స్థానాన్ని తీసుకుంది. 1963 డిసెంబరు 1 నుంచి తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాలకూ దాన్ని విస్తరించారు. ఇందులో వచ్చిన ముఖ్యమైన మార్పు, అర్జీ కోసం ఎదురుచూడకుండా అధికారి తనంతట తానే చర్య తీసుకోవచ్చు. కాని ముందస్తు అనుమతితో గిరిజనేతరుడికి అమ్మే వీలు మాత్రం అలాగే ఉండిపోయింది. వడ్డీ అంశాన్ని 1960లో వడ్డీ వ్యాపారులపై, రుణ విముక్తిపై వేరుగా తెచ్చిన రెగ్యులేషన్లకు అప్పగించారు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయం కొనుగోలు, నిత్యావసరాల సరఫరా చేపట్టింది. 1917 చట్టం వదిలేసిన "ప్రత్యామ్నాయం" అన్న ఖాళీని పూరించే ప్రయత్నం ఇది.

7.2 1970 సవరణ: 1960ల చివర శ్రీకాకుళం మన్యంలో భూమి, కూలి, అప్పుల సమస్యలపై గిరిజన పోరాటం సాయుధ రూపం దాల్చింది. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద జరిగిన కాల్పులు దానికి మలుపు. ఈ నేపథ్యంలో 1970 ఫిబ్రవరి 3న సవరణ రెగ్యులేషను అమల్లోకి వచ్చింది. అది ఆ సంవత్సరపు ఒకటో నంబరు రెగ్యులేషను కాబట్టి ప్రజల నోట 1/70 అయింది. అది తెచ్చిన మార్పులు మూడు:
(అ) అనుమతి అనే కిటికీ మూసేసింది. భూమి గిరిజనుడికి లేదా గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి తప్ప వెళ్లకూడదు. కొనే గిరిజనుడు దొరకకపోతే ప్రభుత్వమే పరిహారం ఇచ్చి తీసుకోవచ్చు.
(ఆ) నిషేధాన్ని అందరికీ వర్తింపజేసింది. గిరిజనేతరుడు కూడా షెడ్యూల్డు ప్రాంతంలోని తన భూమిని మరో గిరిజనేతరుడికి అమ్మకూడదు. వారసత్వంగా సంక్రమించడానికి మాత్రం అడ్డులేదు.
(ఇ) రుజువు భారాన్ని తిప్పేసింది. గిరిజనేతరుడి అనుభవంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చినదేనని, అందుకు విరుద్ధంగా రుజువయ్యేదాకా, భావిస్తారు.

ఈ మూడింటినీ ఐదో విభాగంలో చెప్పిన లోపాలతో పోల్చి చూడండి. ఒక్కొక్క మార్పు ఒక్కొక్క పాత లోపానికి సమాధానం. రికార్డు లేని గిరిజనుడిని రుజువు చేయమనడం అన్యాయం కాబట్టి భారం అవతలివాడి మీద పెట్టారు. తరువాత 1971లో సహకార సంఘాలు, బ్యాంకుల వద్ద అప్పుకోసం భూమి తనఖా పెట్టుకునే వీలు కల్పించారు. 1978లో నిషిద్ధ బదిలీల రిజిస్ట్రేషనును అడ్డుకుని, ఉల్లంఘనకు శిక్షలు చేర్చారు. 1970 సవరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 1988లో పి. రామిరెడ్డి కేసులో తీర్పు ఇచ్చింది.

8. "వ్యక్తి" అంటే ఎవరు? – సమత తీర్పు

1917 చట్టం ప్రభుత్వాన్ని చూడలేదని చెప్పుకున్నాం. ఎనభై ఏళ్ల తరువాత ఆ ప్రశ్న నేరుగా సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. విశాఖ మన్యంలోని అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన గనుల లీజులను సమత అనే స్వచ్ఛంద సంస్థ సవాలు చేసింది. 1/70లో "ఏ వ్యక్తి అయినా" గిరిజనేతరులకు భూమి బదిలీ చేయకూడదని ఉంది. ప్రభుత్వం ఆ "వ్యక్తి" పరిధిలోకి వస్తుందా?

వస్తుందని 1997 జూలై 11న కోర్టు చెప్పింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు, జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్, ఆ అభిప్రాయం వెలిబుచ్చారు. జస్టిస్ జి.బి. పట్నాయక్ విభేదించారు. మెజారిటీ తీర్పు ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇవ్వడం చెల్లదు. ప్రభుత్వ సంస్థలకు, గిరిజన సహకార సంఘాలకు ఇవ్వవచ్చు.

9. నేటి వివాదంలో పాత చట్టం: ఒక అభ్యాసం

"1917 చట్టం ఎప్పుడో పోయింది కదా, ఎందుకు చదవాలి?" అని మీరు అడగవచ్చు. భూ వివాదంలో మొదట చూసేది బదిలీ ఏ తేదీన జరిగిందన్నది. ఆ రోజున అమల్లో ఉన్న చట్టమే వర్తిస్తుంది. అయిదెకరాల పొలం ఒక గిరిజన కుటుంబం నుంచి బయటికి వెళ్లిందని ఊహించుకుని ఈ సందర్భాలు పరిశీలించండి.

• పాడేరు ప్రాంతంలో 1912లో అమ్మకం: 1917 చట్టం అప్పటికి లేదు. ఆ నిషేధం వర్తించదు.
• అదే ప్రాంతంలో 1935లో అమ్మకం: 1917 చట్టం వర్తిస్తుంది. ఏజెంటు ముందస్తు అనుమతి పత్రం చూపకపోతే అమ్మకం చెల్లదు.
• 1965లో అమ్మకం: 1959 రెగ్యులేషను వర్తిస్తుంది. ఇక్కడా అనుమతి చూపాలి.
• 1985లో ఒక గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మకం: మొదట ఆ భూమి ఎవరిదైనా సరే, 1/70 ప్రకారం చెల్లదు.
• ఉట్నూరు ప్రాంతంలో 1962లో అమ్మకం: 1959 రెగ్యులేషను అక్కడికి ఇంకా రాలేదు. హైదరాబాదు రాజ్యపు పాత నిబంధనలు చూడాలి.

ఇలా చూస్తే, మనవడి చేతిలోని పొలం ఎవరిదో తేల్చడానికి తాతల నాటి 1917 చట్టం ఈనాటికీ అవసరమవుతుంది. తెల్ల కాగితం మీద రాసుకున్న పాత క్రయపత్రాల్లో తేదీలు వెనక్కి జరుగుతుండటానికి కారణం కూడా ఇక్కడే ఉంది. మీ జిల్లా కలెక్టరుకు షెడ్యూల్డు ప్రాంతాల విషయంలో నేటికీ "ప్రభుత్వ ఏజెంటు" హోదా ఉండటం 1839 నుంచి వస్తున్న మరో కొనసాగింపు.

10. వాదోపవాదాలు

ఈ చట్టాలపై విమర్శలు రెండు వైపుల నుంచీ ఉన్నాయి. చట్టాలకు ముందే వచ్చి స్థిరపడిన పేద గిరిజనేతర కుటుంబాలు తమ సొంత ఇంటిని కూడా అమ్ముకోలేకపోతున్నామని అంటాయి. ఇది నిజమైన ఇబ్బంది. తక్కువ భూమి ఉన్న రైతునూ, బినామీ పేర్లతో వందల ఎకరాలు చుట్టుకున్నవాడినీ చట్టం ఒకే గాటన కడుతుందన్న విమర్శను కొట్టిపారేయలేం. గిరిజనుల్లోనూ కొందరు తమ భూమికి మార్కెట్టు ధర రావడం లేదని అంటారు.

మరోవైపు, నిషేధం ఉండగానే ఇంత భూమి పోయిందంటే, అది లేకపోతే మిగిలేదేమిటని గిరిజన సంఘాలు అడుగుతాయి. గిరిజన స్త్రీని పెళ్లి చేసుకుని ఆమె పేరున భూమి కొనడం, పాలేరు పేరున పట్టా చేయించడం, కేసు గెలిచినా భూమి స్వాధీనం కాకపోవడం మన్యంలో అందరూ ఎరిగిన విషయాలే.

ఈ రెండు వాదనలనూ తూచేటప్పుడు ఒక తేడా గుర్తుంచుకోండి. భూమి అమ్ముకునే స్వేచ్ఛ కోల్పోయినవాడికి ఇంకా భూమి ఉంటుంది. భూమినే కోల్పోయినవాడికి ఏ స్వేచ్ఛా మిగలదు. చట్టం ఈ రెండో నష్టాన్ని పెద్దదిగా చూసింది. అలా చూడటం సరైనదేనని నా అభిప్రాయం. మీరు వేరే నిర్ణయానికి రావచ్చు. అయితే ఏ నిర్ణయానికి వచ్చినా, అర్జీ పెట్టలేని మనిషిని దృష్టిలో పెట్టుకుని రండి.

11. సారాంశం

మైదానపు వర్తకుల అప్పుల ఉచ్చు నుంచి కొండజాతులను కాపాడటానికి 1917 చట్టం వడ్డీని 24 శాతానికి, మొత్తం వడ్డీని అసలుకు పరిమితం చేసింది. గిరిజనుడి భూమి అనుమతి లేకుండా ఇతరులకు బదిలీ కావడాన్ని నిషేధించింది. అర్జీ భారం, రికార్డుల లేమి, అనుమతి వెసులుబాటు, రుణ ప్రత్యామ్నాయం లేకపోవడం, ప్రభుత్వ చర్యలను పట్టించుకోకపోవడం వల్ల అది బలహీనపడింది. అయినా దాని సూత్రం అయిదో షెడ్యూలులో చోటు సంపాదించింది. 1959 రెగ్యులేషను అధికారికి స్వయంగా చర్య తీసుకునే అధికారం ఇచ్చింది. 1970 సవరణ అనుమతిని తొలగించి రుజువు భారాన్ని మార్చింది. 1997 తీర్పు ప్రభుత్వాన్నీ నిషేధం పరిధిలోకి తెచ్చింది. చట్టం బలపడిన ప్రతిసారీ దాని వెనుక ఒక పోరాటమో, ఒక అర్జీయో ఉంది.

12. ముఖ్య పదాలు

ఏజెంటు: ఏజెన్సీ ప్రాంతంలో ప్రత్యేక అధికారాలు గల ప్రభుత్వ ప్రతినిధి, సాధారణంగా జిల్లా కలెక్టరు.
గొత్తి: అప్పు తీరేదాకా సావుకారుకు చాకిరీ చేసే పద్ధతి.
బినామీ: అసలు అనుభవదారు ఒకరు, కాగితం మీద పేరు మరొకరిది కావడం.
ముఠా: ముఠాదారు అధీనంలో ఉండే కొన్ని కొండ గ్రామాల సముదాయం.
రుజువు భారం: ఒక విషయాన్ని నిరూపించవలసిన బాధ్యత.

13. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 1917 చట్టం ఆవిర్భావానికి దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. 1970 సవరణ 1917 చట్టంలోని లోపాలను ఎంతవరకు సరిదిద్దింది? చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అయిదో షెడ్యూలులో 1917 చట్టపు ప్రభావం ఎలా కనిపిస్తుంది?
2. సమత తీర్పులో "వ్యక్తి" అన్న పదానికి ఉన్న ప్రాధాన్యం ఏమిటి?

III. మీరు షెడ్యూల్డు ప్రాంతంలో లేదా దాని సమీపంలో నివసిస్తుంటే, మీ ఊరి పెద్దలను అడిగి, ఒక పొలం గత మూడు తరాల్లో ఎవరెవరి చేతుల్లో ఉందో రాయండి. ప్రతి మార్పు దగ్గర ఆనాడు అమల్లో ఉన్న చట్టమేదో గుర్తించండి. అసలు పేర్లు రాయనవసరం లేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1: సమాధానాలు
(1) గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరు ప్రత్యేకంగా పాలించిన ప్రాంతం కావడం వల్ల.
(2) గరిష్ఠ వడ్డీ 200 రూపాయలు. ఏడాదికి 48 రూపాయల చొప్పున ఆ పరిమితికి చేరడానికి నాలుగేళ్ల రెండు నెలలు పడుతుంది.